రీస్టార్ట్ అయ్యాక ట్యాబులు ఎక్కడికి పోతాయి?

ఫోన్లో, లాప్‌టాప్‌లో "అప్‌డేట్ ఇన్‌స్టాల్ అయింది, రీస్టార్ట్ చెయ్యండి" అని వస్తే హాస్టల్లో సగం మంది వెంటనే "తర్వాత" అన్న బటన్ నొక్కుతారు. కారణం బద్ధకం అనుకుంటారు కానీ అది భయం. నలభై ట్యాబులు తెరిచి ఉన్నాయి, మళ్లీ వస్తాయో రావో తెలియదు. సెమిస్టర్ చివర్లో అయితే ఆ నలభై ట్యాబులే సిలబస్.

"సేవ్ చెయ్యలేదు కదా, పోయాయి" అనే మాట చాలాసార్లు విన్నాను. ఆ మాట సగమే నిజం. మనం సేవ్ చెయ్యకపోయినా బ్రౌజర్ చేస్తూనే ఉంటుంది. ఎక్కడ రాస్తుంది, ఎలా రాస్తుంది, ఆ రాసింది ఎప్పుడు చెరిగిపోతుంది అన్నది తెలిస్తే పోయినవాటిలో చాలా భాగం తిరిగి తెచ్చుకోవచ్చు. ఈ వ్యాసం దాని గురించే. నాది ఇంగ్లీషు మీడియం తెలుగు. ప్రాసెస్, ఫైల్, లాగ్ లాంటి మాటలకి మంచి తెలుగు మాటలు వెతికాను, దొరికినవి చదివితే నాకే అర్థం కాలేదు. అందుకని మనం ల్యాబ్‌లో ఎలా అంటామో అలాగే రాస్తున్నాను.

ముందు ఒక ప్రశ్న. బ్రౌజర్‌ని అప్‌డేట్ చేస్తే అసలు రీస్టార్ట్ ఎందుకు? నడుస్తున్నప్పుడే కొత్తది పెట్టుకోవచ్చు కదా?

లినక్స్‌లో అయితే ఫైల్‌ని మార్చడం వరకు ఇబ్బంది లేదు. పాత ప్రోగ్రాం నడుస్తుండగానే దాని ఫైల్‌ని తీసేసి అదే పేరుతో కొత్తది పెట్టొచ్చు. నడుస్తున్న ప్రోగ్రాం పాత ఫైల్‌నే పట్టుకుని ఉంటుంది, అది వదిలేదాకా ఆపరేటింగ్ సిస్టమ్ ఆ పాత ఫైల్‌ని డిస్క్ మీద నుంచి నిజంగా తీసెయ్యదు. ఓఎస్ క్లాసులో ఐనోడ్ గురించి చెప్పినప్పుడు పరీక్ష కోసం బట్టీ పట్టాం కానీ, దాని ఉపయోగం ఇదిగో ఇక్కడ ఉంది.

ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ఇప్పటి బ్రౌజర్ ఒకటే ప్రోగ్రాం కాదు. 2008లో క్రోమ్ వచ్చినప్పుడే ట్యాబులకి విడివిడి ప్రాసెస్‌లు పెట్టింది. ఫైర్‌ఫాక్స్ ఆ దారిలోకి 2016లో 48వ వెర్షన్‌తో రావడం మొదలుపెట్టింది. ఒక పెద్ద ప్రాసెస్, దాని కింద పిల్ల ప్రాసెస్‌లు. అవి ఒకదానితో ఒకటి మెసేజ్‌లతో మాట్లాడుకుంటాయి. ఇప్పుడు మధ్యలో అప్‌డేట్ వచ్చి డిస్క్ మీద ఫైల్ మారిందనుకోండి. పెద్ద ప్రాసెస్ పాత వెర్షన్. మీరు కొత్త ట్యాబ్ తెరిస్తే పుట్టే పిల్ల ప్రాసెస్ డిస్క్ మీదున్న కొత్త ఫైల్ నుంచి వస్తుంది కాబట్టి కొత్త వెర్షన్. ఇది ఎలా ఉంటుందంటే, మిడ్ ఎగ్జామ్‌లో ఇన్విజిలేటర్ చేతిలో సెట్ ఏ పేపర్, మీ చేతిలో సెట్ బి పేపర్. ఆయన "మూడో ప్రశ్నలో తప్పుంది, దిద్దుకోండి" అంటాడు. మీరు మీ మూడో ప్రశ్న దిద్దుకుంటారు. ఇద్దరూ సరిగ్గానే విన్నారు, జవాబు మాత్రం నాశనం. అందుకే ఫైర్‌ఫాక్స్ వెర్షన్లు కలవకపోతే "రీస్టార్ట్ చేస్తే తప్ప ముందుకు కదలను" అనే పేజీ చూపించి కూర్చుంటుంది. చూసినప్పుడు చిరాకే కానీ, ఆ మొండితనంలో న్యాయం ఉంది.

క్రోమ్ లినక్స్‌లో దీనికి వేరే ఉపాయం పట్టింది. మొదలైనప్పుడే జైగోట్ అనే ప్రాసెస్‌ని ఒకదాన్ని పుట్టించి పక్కన పెట్టుకుంటుంది. తర్వాత కొత్త ట్యాబ్ కావాలంటే డిస్క్ మీదికి వెళ్లదు, ఈ జైగోట్‌నే ఫోర్క్ చేస్తుంది. డిస్క్ మీద ఎన్ని అప్‌డేట్లు వచ్చినా పిల్లలన్నీ పాత వెర్షనే, తల్లీ పాత వెర్షనే, గొడవ లేదు. ఫోర్క్ అనేది ఇలా కూడా పనికొస్తుందని తెలిసిన రోజు నాకు నిజంగా సంతోషమేసింది. జీవశాస్త్రంలోంచి ఆ పేరు తెచ్చి పెట్టిన వాళ్లెవరో కానీ, సరిగ్గా పెట్టారు.

సరే, రీస్టార్ట్ తప్పదు. ఆ క్షణంలో ఏం జరుగుతుంది? బ్రౌజర్‌లోనే ఉన్న "రీస్టార్ట్" బటన్ నొక్కితే దానికి విషయం తెలుసు. ఇది అప్‌డేట్ కోసం ఆగడం, మళ్లీ వచ్చాక అన్నీ తెరవాలి అని తనకి తానే చీటీ రాసుకుంటుంది. ఆ దారిలో వెళితే ట్యాబులు పోయేది చాలా తక్కువ. మెషిన్ మొత్తాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ రీస్టార్ట్ చేసినప్పుడు అలా కాదు. అది ప్రతి ప్రోగ్రామ్‌కీ "మూసేస్తున్నాం, సర్దుకో" అని కబురు పంపి కొంచెంసేపు ఆగుతుంది. సర్దుకోకపోతే బలవంతంగా ఆపేస్తుంది. సిస్టమ్‌డీ ఉన్న లినక్స్‌లలో ఆ గడువు మామూలుగా 90 సెకన్లు. బ్రౌజర్ దృష్టిలో ఇది మనిషి మూసేసినట్టే ఉంటుంది. "మళ్లీ తెరవాలి" అన్న చీటీ ఉండదు. మనం సెట్టింగ్స్‌లో "వదిలిన చోటు నుంచి మొదలుపెట్టు" అని పెట్టుకోకపోతే, మర్యాదగా మూసుకుని, తర్వాత మర్యాదగా ఖాళీ పేజీతో తెరుచుకుంటుంది. ఖాళీ పేజీ చూసి మన గుండె జారుతుంది. ఫైల్ మాత్రం ఇంకా డిస్క్ మీదే ఉంటుంది.

ఆ ఫైల్ గురించే అసలు పాఠం. దీన్ని రాయడానికి రెండు పద్ధతులున్నాయి. రెండూ మన ఊళ్లల్లో కిరాణా కొట్టువాళ్లకి ఎప్పటినుంచో తెలిసినవే. ఒకటి చిట్టా, రెండోది ఆవర్జా. చిట్టాలో జరిగింది జరిగినట్టు వరుసగా రాస్తారు: ఫలానా వారు కిలో కందిపప్పు, ఫలానా వారు యాభై రూపాయలు జమ. ఆవర్జాలో మనిషికో పేజీ, అందులో ఆ మనిషి లెక్క ఇప్పుడు ఎంతుందో తేలుతుంది. చిట్టా రాయడం తేలిక, కింద ఒక లైను చేరిస్తే చాలు. ఆవర్జా చూడడం తేలిక.

క్రోమ్ చిట్టా రాస్తుంది. ప్రొఫైల్ ఫోల్డర్‌లో సెషన్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులోని ఫైల్‌లో "ఈ ట్యాబ్ ఈ విండోలో చేరింది", "ఈ ట్యాబ్ ఈ పేజీకి వెళ్లింది", "ఈ ట్యాబ్ మూసేశారు" అని ఒక్కొక్క లైనూ చివర చేరుతూ పోతుంది. తిరిగి తెరిచేటప్పుడు మొదటి నుంచీ చదువుకుంటూ వచ్చి, చివరికి ఏమేమి తెరిచి ఉన్నాయో లెక్క తేలుస్తుంది. చిట్టా మరీ పొడుగైపోతే అప్పటి స్థితి మొత్తాన్ని ఒకసారి రాసేసుకుని మళ్లీ అక్కడి నుంచి మొదలుపెడుతుంది.

ఫైర్‌ఫాక్స్ ఆవర్జా పద్ధతి. మార్పు ఏదైనా ఉంటే సుమారు 15 సెకన్లకోసారి అన్ని విండోలు, అన్ని ట్యాబుల స్థితిని మొత్తంగా ఒక జేసన్ ఫైల్‌లో రాసేస్తుంది. ఒకే ఒక్క ట్యాబ్ మారినా రాసేది మొత్తం. వందల ట్యాబులు ఉన్నవాళ్లకి ఇది డిస్క్ మీద బరువే. 2017లో 56వ వెర్షన్ నుంచి ఆ ఫైల్‌ని ఎల్‌జెడ్4 పద్ధతిలో కుదించి రాస్తున్నారు. ఇలా కుదించడం వల్ల ఇంకో చిన్న నష్టం జరిగింది. అంతకుముందు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోగలిగే ఫైల్, ఇప్పుడు విడమర్చే టూల్ లేకుండా చదవలేం.

డీబీఎంఎస్ చదివినవాళ్లకి ఈపాటికి వెలిగి ఉండాలి. చిట్టా అంటే లాగ్, ఆవర్జా అంటే చెక్‌పాయింట్. యూనిట్ 4లో రికవరీ అని ఒక చాప్టర్ ఉంటుంది, మనలో చాలామంది వదిలేసి వెళ్తాం. అందులో ఎరీస్ అనే అల్గారిథమ్, ఐబీఎంలో పనిచేసిన సి. మోహన్, ఆయన తోటివాళ్లు 1992లో ప్రచురించింది. బ్యాంకు సర్వర్ కరెంట్ పోయి ఆగిపోతే లాగ్ చదివి ఎక్కడున్నామో తేల్చుకోవడం ఎలా అన్నదే దాని విషయం. బ్రౌజర్ చేసేది దానికి బాగా చిన్న తమ్ముడి పని, వంశం మాత్రం అదే.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. 15 సెకన్లకోసారి రాస్తున్న ఆ రాత మధ్యలోనే కరెంట్ పోతే? పాతది సగం చెరిగి, కొత్తది సగం పడి, రెండింటికీ చెడుతుంది. అందుకని పాత ఫైల్ మీద నేరుగా రాయరు. పక్కన టెంపరరీ ఫైల్‌లో మొత్తం రాసి, అది పూర్తయ్యాక పేరు మారుస్తారు. పేరు మార్చడం అన్నది ఫైల్ సిస్టమ్‌లో అయితే పూర్తిగా జరుగుతుంది, లేకపోతే అసలు జరగదు. మధ్యస్థితి ఉండదు. మన ప్రాజెక్టుల్లో కాన్ఫిగ్ ఫైల్ రాసే ప్రతిచోటా ఇది వాడొచ్చు. నేను మినీ ప్రాజెక్ట్‌లో వాడాను, వైవాలో దీని గురించి ఒక్కరూ అడగలేదు, అది వేరే బాధ.

ఇదంతా పుస్తకంలో విషయంగా కాకుండా నిజంగా అవసరపడింది మా అక్క వల్ల. అక్క ఎం.ఏ. తెలుగు చదువుతోంది. డిసర్టేషన్ పాత స్త్రీల పత్రికల మీద. 1928లో మద్రాసులో కేసరిగారు మొదలుపెట్టిన గృహలక్ష్మి, దానికి ముందూ వెనకా వచ్చిన పత్రికలు, వాటిల్లో పాఠకురాళ్లు రాసిన ఉత్తరాలు. స్కాన్ చేసిన సంచికలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి కానీ, అక్క చదువుతున్న స్కాన్లు ఉత్త బొమ్మలు. వాటిల్లో తెలుగు మాట టైప్ చేసి వెతకడం కుదరదు. ఒక ఉత్తరం దొరకాలంటే పేజీ పేజీ తిప్పాల్సిందే. దొరికిన ప్రతి ఉత్తరాన్నీ అక్క ఒక ట్యాబ్‌గా ఉంచుకుంది. అంటే ఆ ట్యాబుల వరుసే ఆమె విషయసూచిక. ఆరు వారాల పని.

ఒక రాత్రి లాప్‌టాప్ తనంతట తాను అప్‌డేట్ అయి రీస్టార్ట్ అయింది. పొద్దున్నే ఫోన్.

"ఒరేయ్, నా ట్యాబులన్నీ పోయాయిరా. హోమ్ పేజీ ఒక్కటే ఉంది."

"అక్కా, దాన్ని అలాగే ఉంచు. ఇంకేం తెరవకు, మూసెయ్యకు కూడా."

"ఉంచితే ఎలా? ఎల్లుండి మేడమ్‌కి చూపించాలి."

వీడియో కాల్‌లో ముందు ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తాన్ని డెస్క్‌టాప్ మీదకి కాపీ చేయించాను. అందులో పాత సెషన్ ఫైల్ చెక్కుచెదరకుండా ఉంది. 71 ట్యాబులు. బ్రౌజర్ మూసి, ఆ ఫైల్‌ని దాని చోట పెట్టి మళ్లీ తెరిస్తే 71 వచ్చాయి. అక్క ఫోన్‌లో ఏడ్చేసింది. కానీ ఐదు నిమిషాల తర్వాత గొంతు మారింది. "వచ్చాయి కానీ కొన్ని మొదటి పేజీకి పోయాయిరా" అంది.

ఇక్కడే నాకు అసలు విషయం అర్థమైంది. సెషన్ ఫైల్ దాచేది ట్యాబ్‌ని కాదు, ట్యాబ్‌కి దారిని. పేజీ అడ్రస్, టైటిల్, వెనక్కి ముందుకి వెళ్లే చరిత్ర, ఎంతవరకు స్క్రోల్ చేశారు, ఫారంలో ఏం టైప్ చేశారు వంటివి దాస్తారు. పేజీలోని జావాస్క్రిప్ట్ తన మెమరీలో ఉంచుకున్నది దాచరు, దాచలేరు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పుస్తకం తెరిచి పేజీలు తిప్పితే అడ్రస్ కూడా మారుతుంది. పేజీ అనే మాట పక్కన ఎన్ అనే అక్షరం, దాని పక్కన ఒక అంకె కనిపిస్తాయి. ఎన్45 అంటే ముద్రించిన 45వ పేజీ అని కాదు, స్కాన్‌లో వరుస సంఖ్య. అంకె అడ్రస్‌లోనే ఉంది కాబట్టి ఆ ట్యాబులు సరిగ్గా ఆ పేజీ దగ్గరే తెరుచుకున్నాయి. అలాంటివి 58. మిగతా 13 వేరే సైట్‌లోవి. అక్కడి వ్యూయర్‌లో ఎన్ని పేజీలు తిప్పినా అడ్రస్ ఒకటే. ఏ సంచికో తెలిసింది, ఏ పేజీనో తెలియలేదు. ఆ 13 సంచికల్నీ అక్క మళ్లీ మొదటి నుంచి తిప్పింది, రెండు రోజులు పట్టింది. మేడమ్‌ని గడువు అడిగింది కూడా.

మనలో వెబ్ డెవలప్‌మెంట్ చేసేవాళ్లు దీన్ని కాస్త గట్టిగా పట్టించుకోవాలని నా అభిప్రాయం. యూజర్ ఏ పేజీలో ఉన్నాడో, ఏ ఫిల్టర్ పెట్టుకున్నాడో అడ్రస్‌లో పెట్టడానికి నాలుగు లైన్ల కోడ్ చాలు. రియాక్ట్‌లో అన్నీ స్టేట్‌లో పెట్టేసి అడ్రస్‌ని ముట్టుకోకుండా వదిలేసే అలవాటు మన టీముల్లో బాగా ఉంది. ఆ నాలుగు లైన్లు లేకపోవడం ఎవరికో ఎక్కడో రెండు రోజులు.

ఇక ప్రాక్టికల్‌గా. ఖాళీ బ్రౌజర్ కనిపించగానే చాలామంది కంగారులో చేసేది రెండు మూడుసార్లు మూసి తెరవడం. అదే అన్నిటికంటే ప్రమాదం. మూసినప్పుడల్లా "పోయినసారి సెషన్" స్థానంలోకి ఇప్పుడున్న ఆ ఖాళీ పేజీ చేరుతుంది, పాతది కిందకి జరిగి చివరికి పోతుంది. కాబట్టి మూయకముందే హిస్టరీ మెనూ చూడండి. ఫైర్‌ఫాక్స్‌లో "రిస్టోర్ ప్రీవియస్ సెషన్" అక్కడే ఉంటుంది. క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, టి మూడూ కలిపి నొక్కితే ఒక్కోసారి విండో మొత్తం ఒకేసారి తిరిగొస్తుంది. అవి పనిచెయ్యకపోతే అప్పుడు ప్రొఫైల్ ఫోల్డర్ కాపీ. ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్‌లో సెషన్‌స్టోర్ బ్యాకప్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో రికవరీ, ప్రీవియస్, అప్‌గ్రేడ్ అనే పేర్లతో మొదలయ్యే ఫైళ్లుంటాయి. ఆ అప్‌గ్రేడ్ ఫైల్ ఉన్నదే మన ఈ కష్టం కోసం. వెర్షన్ మారినప్పుడు అప్పటి సెషన్‌ని విడిగా ఒక కాపీ తీసి పెడుతుంది.

పోయాయి అనుకున్నవి పోకుండా, మనమే వేరే గదిలోకి వచ్చేసిన సందర్భాలు కూడా ఉంటాయి. 2019లో ఫైర్‌ఫాక్స్ 67 నుంచి ఒక్కో ఇన్‌స్టలేషన్‌కి ఒక్కో ప్రొఫైల్ అనే పద్ధతి వచ్చింది. కాబట్టి వేరేచోట మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే కొత్త ప్రొఫైల్ తెరుచుకోవచ్చు. బుక్‌మార్కులు కూడా లేకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. అడ్రస్ బార్‌లో అబౌట్, కోలన్, ప్రొఫైల్స్ అని ఇంగ్లీషులో కొడితే ప్రొఫైళ్లన్నీ కనిపిస్తాయి. పాతదాన్ని ఎంచుకుని తెరవడమే. ఇంకోటి, చిన్న పాప్‌అప్ విండో వెనకాల ఉండిపోయి, ట్యాబులున్న పెద్ద విండోని ముందు మూసేస్తే, "చివరి సెషన్" ఆ పాప్‌అప్ అయి కూర్చుంటుంది. హిస్టరీలో ఇటీవల మూసిన విండోల లిస్ట్‌లో పెద్దది దొరుకుతుంది. ఇన్‌కాగ్నిటో ట్యాబులు మాత్రం ఎక్కడా రాయరు, వాటి కోసం వెతకొద్దు.

సెషన్ ఫైళ్లు కూడా చెరిగిపోయాయంటే మిగిలేది హిస్టరీ. ఇది మనకి బాగా తెలిసిన ఎస్‌క్యూలైట్ డేటాబేస్. ఫైర్‌ఫాక్స్‌లో ఆ ఫైల్ పేరు ప్లేసెస్, క్రోమ్‌లో పేరే హిస్టరీ. బ్రౌజర్ నడుస్తున్నప్పుడు నేరుగా తెరిస్తే "డేటాబేస్ లాక్ అయింది" అంటుంది, కాపీ తీసి దాన్ని తెరవాలి. హిస్టరీలో ఏ ట్యాబ్ చివరిదాకా తెరిచి ఉంది, ఏది మూసేశారు అన్నది తేలదు. కానీ రెండు తేదీల మధ్య ఒక సైట్‌లో చూసిన అడ్రస్‌లన్నీ ఇవ్వు అని అడగొచ్చు. అది ల్యాబ్‌లో రాసే మొదటి క్వెరీ అంత తేలిక. క్రోమ్ హిస్టరీ 90 రోజుల వరకే ఉంచుతుందని గుర్తుపెట్టుకోవాలి.

తేదీల దగ్గర ఒక తికమక ఉంది. రెండు బ్రౌజర్లూ సమయాన్ని మైక్రోసెకన్లలోనే రాస్తాయి. ఫైర్‌ఫాక్స్ మనకి అలవాటైన 1970 జనవరి 1 నుంచి లెక్కపెడుతుంది. క్రోమ్ 1601 జనవరి 1 నుంచి. విండోస్ ఫైల్ టైమ్ కూడా అక్కడి నుంచే మొదలవుతుంది, గ్రెగోరియన్ క్యాలెండర్‌లో 400 ఏళ్ల చక్రం మొదలయ్యే ఏడాది అది. కాబట్టి క్రోమ్ అంకెని 10 లక్షలతో భాగించి, అందులోంచి 11644473600 తీసేస్తే 1970 లెక్కలోకి వస్తుంది. క్రోమ్ సెషన్స్ ఫోల్డర్‌లో ఫైళ్ల పేర్ల చివర ఉండే పొడుగాటి అంకె కూడా ఇదే లెక్క. రెండు మూడు ఫైళ్లుంటే, రీస్టార్ట్‌కి ముందుది ఏదో ఆ అంకెని ఇలా మార్చి చూసుకుని, దాన్ని ముందు కాపీ చేసుకోండి.